నీళ్ళెలా ఉన్నాయి

మా చెల్లెలికి ల్యాబులో ఇచ్చిన కుర్చీలో కూర్చుంటే కాళ్ళు నేలకు ఆనేవి కావు. కుర్చీని కిందికి దించే మర ఎప్పుడో బిగుసుకుపోయింది. పర్యావరణ శాస్త్రంలో పరిశోధనకు చేరిన మొదటి రోజు సాయంత్రం ఇంటికొచ్చి, చెప్పులు కూడా విడవకుండా అది చెప్పిన మొదటి సంగతి అదే.

"ఎవరో బాగా పొడుగాయన కూర్చునేవాడట అక్కా. ఇప్పుడు లేడట."

"మానేశాడా?" అన్నాను.

"ఏమో. అడిగితే అందరూ నీళ్ళు నమిలారు."

"నీళ్ళ మీద పరిశోధన చేసేవాళ్ళు ఇంకేం నములుతారు మరి," అన్నారు మా ఆయన. ఆయన బస్సు డిపోలో మెకానిక్కు. మరదలి మీద జోకు వెయ్యకపోతే తిన్నది అరగదు. ముగ్గురం నవ్వుకున్నాం. అప్పటికి నవ్వడానికి అడ్డేమీ లేదు.

దాన్ని మేం కప్ప అంటాం. చిన్నప్పుడు వాన వెలిస్తే చాలు, వీధిలో నిలిచిన ప్రతి గుంటలోనూ దిగి వచ్చేది. పెద్దయ్యాక చదువులో కూడా నీళ్ళనే వెతుక్కుందేమో అనుకుంటారు గాని, నిజానికి అది అడిగింది రోడ్డు పక్క దుమ్ము మీద పని. దుమ్ము ఎవరైనా చెయ్యొచ్చన్నాడట వాళ్ళ గైడు. ముక్కు మీద కోపం ఉన్న మనిషే గాని, పిల్లలు చేసిన పని తనదని చెప్పుకునే రకం కాదు. ఊరి చివర పాత రిజర్వాయరు మీద ఏళ్ళ తరబడి లెక్కలు తీస్తున్నారనీ, అవి మధ్యలో ఆగిపోయాయనీ, ఇంకో వేసవి గనక దాటిపోతే ముందు చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరవుతుందనీ చెప్పి దీనికి అప్పగించాడు. కప్ప ఒప్పుకుంది. ఎవరైనా సగంలో వదిలేసింది చూస్తే ఊరుకోలేదు. నేను అల్లుతూ మూల పడేసిన స్వెట్టర్లు కూడా అదే పూర్తి చేస్తుంది.

మాకున్నవి రెండు గదులు. ముందు గదిలో కిటికీ పక్కన తెర కట్టి దానికో మంచం వేశాం. పొద్దున్నే నేను మందుల షాపుకీ, ఆయన డిపోకీ, అది రిజర్వాయరుకీ. ఒకప్పుడు ఊరంతా ఆ నీళ్ళే తాగేది. తరవాత ఇంకెక్కడినుంచో గొట్టాలు వచ్చాయి. కొత్త కాలనీల మురుగంతా దాంట్లోకి దారి చూసుకుంది. తేలే చెక్క తెప్ప మీద నిలబడి, తాడుకు కట్టిన సీసాను లోతుకు దింపి, ఏ లోతులో ఎంత ఆక్సిజన్ ఉందో కొలవడం దాని పని.

"నీళ్ళకి కూడా ఊపిరుంటుందక్కా," అని చెప్పింది ఓసారి బట్టలు మడతపెడుతూ. "ఎండాకాలం పైనున్న నీళ్ళు వేడెక్కి మూతలా కూర్చుంటాయి. అడుగున్న వాటికి గాలాడదు. అక్కడ బురద కుళ్ళుతూ ఉంటుంది. ఎప్పుడో ఓ వాన వచ్చి మొత్తం కలిపేస్తుంది."

"అలా చెప్పకే. మనిషి గురించి చెప్తున్నట్టుంది," అన్నాను.

ల్యాబును నేనూ చూశాను, ఓసారి గొడుగు ఇవ్వడానికి వెళ్ళి. పొడుగాటి వసారా చివర, ఒకప్పటి స్టోరు గది. గుమ్మం కురచది. లోపల ఫ్రిజ్ నిండా సీసాలు. ప్రతి సీసా మీదా కుడివైపు వాలిన ఒకే చేతిరాత. తలుపు వెనక కొక్కేనికి మోకాళ్ళు దాటే రెయిన్‌కోటు. అటుగా వెళ్ళేవాళ్ళు దానికి తగలకుండా ఒళ్ళు దగ్గరకు లాక్కుని వెళ్తున్నారు. నీళ్ళను పరీక్షించే మిషను కాగితం కక్కినప్పుడల్లా అడుగున పని చేసినవారి పేరు వస్తుంది. ఆ పేరు మా చెల్లెలిది కాదు.

"మార్చుకోవచ్చు కదే?"

"పాస్‌వర్డు ఆయనకే తెలుసట," అంది.

ప్రతి గురువారం మధ్యాహ్నం ఆ గదిలో ఫోను మోగేది. గోడకు బిగించిన పాత ఫోను. మిగతా విద్యార్థులు దాన్ని మోగనిచ్చేవారు. ఎత్తకూడదని దీనికెవరూ చెప్పలేదు, అందుకని ఎత్తింది.

"నీళ్ళెలా ఉన్నాయమ్మా?" అని అడిగింది ఒక ఆడగొంతు. పెద్దావిడే, కానీ గట్టి గొంతు.

ఏ నీటి శాఖ నుంచో అడుగుతున్నారనుకుని కప్ప ఆ వారం లెక్కలన్నీ అప్పజెప్పింది. పైన ఎంత వేడి, అడుగున ఎంత ఆక్సిజన్, ఎంత మడ్డి. ఆవిడ ఓపికగా విని, "పైనపైన చల్లగానే ఉన్నాయా? కాళ్ళు పెట్టుకునేట్టున్నాయా?" అంది. ఉన్నాయంది ఇది. "సరేనమ్మా" అని పెట్టేసింది. మళ్ళీ గురువారం మళ్ళీ అదే ప్రశ్న. అలా చాలా వారాలు జరిగాక, ఓ రోజు ఆఫీసు గుమాస్తా గుమ్మంలోనే ఆగిపోయి, ఇది ఫోను పెట్టేసేదాకా చూసి, "ఆ ఫోను నువ్వు ఎత్తుతున్నావా?" అన్నాడట.

ఆవిడ పొడుగాయన వాళ్ళమ్మ.

గుమాస్తా చెప్పింది ఇది. రిజర్వాయరు గట్టు కింద వాల్వు గది ఉంది. నేలలో తవ్వి కట్టిన కాంక్రీటు గది, పైన ఇనుప మూత, లోపలికి ఇనుప నిచ్చెన. నీటిమట్టం చూపించే పరికరం అందులోనే ఉంటుంది. కిందటి వేసవి చివర పొడుగాయన పొద్దున్నే వెళ్ళి తిరిగి రాలేదు. మర్నాడు ఆ గదిలో, నడుము లోతు నీళ్ళలో బోర్లా తేలుతూ కనిపించాడు. ఒంటిమీద దెబ్బ లేదు. దిగి పైకి తీసినవాళ్ళు కూడా అక్కడ వింతేమీ చూడలేదు.

"వాళ్ళమ్మ ఈత నేర్పే టీచరమ్మా. వాడు నడక కంటే ముందు ఈత నేర్చుకున్నాడట. అలాంటివాడు నడుము లోతు నీళ్ళలో పోతాడా? ఏదో మనసులో పెట్టుకున్నాడు. నిప్పు లేనిదే పొగ రాదు," అన్నాడు. యూనివర్సిటీ కాగితాల్లో కూడా 'వ్యక్తిగత కారణాలు' అనే రాసుకున్నారట.

ఆ వారం కప్ప సరిగా తిండి తినలేదు. ఈ చదువు వద్దనుకుంటే దుమ్ముకే పొమ్మన్నాను నేను. అది పోలేదు. గురువారం ఫోను మోగగానే ఎత్తి, "మీరు ఆయన వాళ్ళమ్మగారా?" అని అడిగిందట.



"చెప్పేశారన్నమాట. ఇక నువ్వూ ఎత్తవా?"

"ఎత్తుతానమ్మా."

"అయితే చెప్పు. నీళ్ళెలా ఉన్నాయి?"

ఆ తరవాతే నేను దానిలో మార్పు చూశాను. కుళాయి కింద చేతులు పెట్టి నీళ్ళు పోతూ ఉంటే అలాగే నిలబడిపోయేది. తను రాస్తుంటే వెనక నిలబడి ఎవరో చదువుతున్నట్టు ఉంటుందని, పేజీకి చెయ్యి అడ్డం పెట్టుకుని రాసేది. ఒకరోజు వంటగదిలోకి వస్తూ గుమ్మం దగ్గర తల వంచింది. మా గుమ్మం ఎత్తుగా ఉంటుంది. ఇది నా భుజం దాటదు. ఏదో వెతుకుతోందేమో అనుకున్నాను. మర్నాడూ అంతే. వెళ్ళేటప్పుడూ అంతే.

"ఎందుకే వంగుతున్నావు?"

"వంగానా?" అంది నిజంగానే ఆశ్చర్యపోయి.

ల్యాబు గుమ్మానికి కొట్టుకోకుండా పొడుగాయన అలా వంగి వచ్చేవాడని దానికి ఎవరైనా చెప్పారా? నేనైతే అడగలేదు. మా ఆయన మాత్రం ఆ రోజు నుంచి కప్ప మీద జోకులు మానేశారు. అది నన్ను ఇంకా భయపెట్టింది.

రిజర్వాయరు దగ్గర ఒక కాపలాదారు ఉండేవాడు. గట్టు మీద రేకుల గదిలో ఒంటరి బతుకు. మనిషి దొరికితే వదిలేవాడు కాదు, నోట్లో నువ్వు గింజ నానదు. పొడుగాయన్ని చివరిసారి చూసింది తనే. ఆ మాట ఊరికంతా చెప్పాడు, దీనికీ చెప్పాడు.

"పొద్దున వాల్వు గది మూత పక్కన తల పట్టుకు కూర్చున్నాడమ్మా. నేను గట్టు మీద నుంచి చూశా. ఏ కష్టమొచ్చిందో పాపం అనుకున్నా. ఇంత కుర్రాడు అలా తల పట్టుకు కూర్చుంటే ఏమనుకుంటాం?"

అలా అనుకున్నది ఆయనొక్కడే కాదు. అందరూ అనుకున్నారు. అనుకోనిది ఒక్కావిడే. ఒక గురువారం, అడగకుండానే, "మావాడికి మునగడం రాదమ్మా. నేను నేర్పలేదు," అందట. ఇంకోసారి, ఆ ముందురోజు పెద్ద వాన కురిసిందనీ, పొద్దున వెళ్తూ వెళ్తూ వాడు ఫోను చేసి, "ఇవాళ నీళ్ళు కంపు కొడతాయి, వచ్చాక స్నానం చేసి గాని భోంచెయ్యను" అన్నాడనీ చెప్పింది. "స్నానం సంగతి ఆలోచించినవాడు చావు సంగతి ఆలోచిస్తాడా తల్లీ?"



ఎండలు ముదిరాయి. కప్ప ముఖం నల్లబడింది. ఊళ్ళో ఆకు కదలని రోజులు. ఒక సాయంత్రం ఉన్నట్టుండి వాన దంచి కొట్టింది. మర్నాడు పొద్దున్నే కప్ప వెళ్ళేసరికి రిజర్వాయరు ఒడ్డంతా చచ్చిన చేపలు, తెల్ల పొట్టలు పైకి పెట్టుకుని. గాలి లేదు. కుళ్ళిన గుడ్ల వాసన. నీటిమట్టం పరికరం తీగ ఎక్కడో ఇరుక్కుపోయినట్టుంది, గట్టు మీదున్న దాని ముల్లు కదలడం లేదు. వాల్వు గదిలోకి దిగకూడదని గైడు ముందే గట్టిగా చెప్పాడు. కానీ ఆ ఒక్క రోజు లెక్క పోతే వాన తరవాత నీరు ఎలా మారిందో తెలియదు. పొడుగాయన్ని పైకి తీసినప్పుడు తొలగించిన ఇనుప మూత మళ్ళీ పెట్టలేదు, గది మీద పలకలు మాత్రమే పరిచి ఉంచారు. వాటిని పక్కకు జరిపింది.

"వాసన గుప్పుమంది అక్కా. ముక్కు మూసుకున్నా. ఒక్క క్షణం. తరవాత అసలు వాసనే లేదు. పలకలు తీశాను కదా, గాలి బాగుపడిందనుకున్నా. నిచ్చెన మీద కాలు పెట్టా."

అప్పుడు కాపలాదారు గట్టు మీద నుంచి కేకేశాడు. చేతిలో ఏదో ఎత్తి చూపిస్తూ, "అమ్మాయ్, ఇటు చూడు, ఎంత చేపో! ఇది ఇన్నాళ్ళూ ఎక్కడ దాక్కుందో!" అన్నాడు. చూపించడానికి మనిషి దొరికింది కదా ఆయనకు. ఇది విసుక్కుని, కాలు వెనక్కి తీసుకుని అటు తిరిగింది. తిరగగానే కళ్ళు తిరిగాయి. తల పగిలిపోతున్నట్టు నొప్పి. పక్కకు నాలుగడుగులు వేసి కూలబడి, తల రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. వాంతి చేసుకుంది. కాపలాదారు చేప పడేసి పరుగెత్తుకొచ్చాడు. దూరంగానే ఆగిపోయాడు.

"నువ్వు కూడా ఆయనలాగే తల పట్టుకు కూర్చున్నావేంటమ్మా?" అన్నాడు.

అది తలెత్తి ఆయన్ని చూసింది.

ఆ మధ్యాహ్నం షాపు నుంచి వచ్చేసరికి అది మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నుదుటి మీద చెయ్యి వేసి, ఆ చేత్తోనే దాని చెయ్యి తీసుకున్నాను. పరిశోధనలో సీటు వచ్చిందని నేను కొనిచ్చిన వెండి ఉంగరం వేలికి ఉంది. బొగ్గులా ఉంది.

"ఏం ముట్టుకున్నావే?"

అది లేచి కూర్చుంది. ఉంగరం తీసి వెలుతురులో పట్టుకుంది. "నేనేమీ ముట్టుకోలేదక్కా. గాలి ముట్టుకుంది."

అప్పుడు చెప్పింది. అడుగున కుళ్ళిన బురదలో ఒక వాయువు పుడుతుందట. వాన వచ్చి నీళ్ళు కలగాపులగమైతే అది పైకి లేచి, గాలి లేని గుంటల్లో నిలుస్తుంది. కొంచెం ఉంటే కుళ్ళిన గుడ్ల వాసన. ఎక్కువైతే ముందు ముక్కునే చంపేస్తుంది, వాసన తెలియదు. తరవాత మనిషిని.

"ఆయన తల పట్టుకు కూర్చున్నది దిగులుతో కాదక్కా," అంది. "తలనొప్పితో."

కొంచెం తగ్గాక మళ్ళీ దిగి ఉంటాడంది. నేను ఉంగరాన్ని పళ్ళపొడితో తోముతూ కూర్చున్నాను, చేతులకు ఏదో ఒక పని ఉండాలని.

మర్నాడు గైడు దగ్గరికి వెళ్తే ఆయన ముందు ఎగిరిపడ్డాడు. "దిగొద్దని చెప్పానా లేదా? చెప్పానా లేదా?" అని అడిగిందే అడిగాడట. ఇది జరిగిందంతా చెప్పి, ఆ గదిలో గాలిని కొలిపించాలంది. ఆయన కుర్చీలో కూర్చుని కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "నేనూ వస్తాను," అన్నాడు.

అగ్నిమాపక కేంద్రంలో వాయువును పసిగట్టే చిన్న మీటరు ఉంటుంది. అక్కడి అధికారి మీటరు ఊరికే ఇవ్వనని, తనే పట్టుకుని వచ్చాడు. తాడు కట్టి దాన్ని పలకల సందులోంచి దింపారు. సగం లోతుకైనా చేరకముందే అది కూత మొదలెట్టింది. అధికారి అందరినీ చేతులతో వెనక్కి నెట్టుకుంటూ వచ్చి, "ఇందులో దిగడమే గాని ఎక్కడం ఉండదు," అన్నాడు. కాపలాదారు గట్టు మీద నుంచి దిగి రాలేదు.

మర్నాడు ఈదురు గాలి. మీటరు దింపితే చప్పుడు లేదు. గది కడిగినట్టుంది. పొడుగాయన్ని తీసిన రోజు కూడా గాలి వీచిందని గుమాస్తాకు అప్పుడు గుర్తొచ్చింది. ఆ తరవాత వేసవంతా అలా చూస్తూనే ఉన్నారు. గాలి ఉన్న రోజు ఏమీ లేదు. వాన వెలిసి గాలి నిలిచిపోయిన రోజు కూత.

యూనివర్సిటీలో కూర్చుని పాత కాగితం మార్చారు. 'విషవాయువు వల్ల జరిగిన ప్రమాదం కావచ్చు' అని రాశారు. ఆ 'కావచ్చు' మీద కప్ప గైడుతో పోట్లాడింది.

"ఆ రోజు మనం కొలిచామా?" అన్నాడాయన.

"లేదు."

"అయితే కావచ్చు అనే ఉండాలి. నాకు మాత్రం తీసెయ్యాలని లేదా?" అని కిటికీ వైపు తిరిగిపోయాడట. ఆ రోజు పొడుగాయన్ని వెళ్ళమన్నది ఆయనే.

కాపలాదారు ఒకరోజు దీని దగ్గరికి వచ్చి నిలబడి, "నేను చూసింది నిజమేనమ్మా. అనుకున్నదే తప్పు," అన్నాడు. అప్పటినుంచి ఎవరితోనూ ఎక్కువ మాట్లాడటం లేదు. ఇది తెప్ప మీద ఉంటే గట్టు మీద నుంచి మాటిమాటికీ పేరు పెట్టి పిలుస్తాడు. బదులిచ్చేదాకా పిలుస్తాడు. అంతే.

వాళ్ళమ్మకు ఫోనులో చెప్పే సంగతి కాదని, ఒక ఆదివారం పొద్దున ఇద్దరం వెళ్ళాం. ఒంటరిగా పంపడానికి నాకు మనసొప్పలేదు. ఆవిడ ఈత కొలను దగ్గరే ఉంది. పొట్టిగా, వెడల్పుగా, తెల్ల జుట్టు కత్తిరించుకుని, మెడలో విజిల్‌తో. ఆ పొడుగు తండ్రిదై ఉంటుంది. నీళ్ళలో చిన్నపిల్లలు గట్టు పట్టుకుని కాళ్ళు ఆడిస్తున్నారు. ఆవిడ పొడిబట్టల్లో గట్టు మీద నిలబడి నేర్పుతోంది. నీళ్ళలోకి దిగడం ఏడాదిగా మానేసిందని మాకు ఆవిడ సహాయకురాలు చెప్పింది.

"గొంతు కంటే చిన్నదానివే," అంది కప్పను చూసి. మమ్మల్ని గోడ పక్క బెంచీ మీద కూర్చోబెట్టింది. తను మాత్రం పిల్లలు కనిపించేట్టు నిలబడింది.

కప్ప మొదటి నుంచి చివరిదాకా చెప్పింది. వాన, చేపలు, వాసన పోవడం, మీటరు, మారిన కాగితం. ఆవిడ కళ్ళు కొలను మీదే ఉన్నాయి. అంతా అయ్యాక, "వాడు కావాలని పోలేదని నాకు ఎప్పుడూ తెలుసమ్మా. అది తెలియాల్సింది మీకందరికీ," అంది. మాటలో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది.

ఒక పిల్లాడు గట్టు వదిలేశాడు. విజిల్ ఊదింది. వాడు మళ్ళీ పట్టుకున్నాక అడిగింది.

"వాసన తెలిసి ఉంటుందా వాడికి?"

"ముందు తెలిసి ఉంటుంది. తరవాత తెలియదు."

"నిచ్చెన దగ్గరే పడ్డాడా?"

"అవునట."

ఆవిడ తల ఊపింది. "పొడుగు మనిషి కదా," అంది. మేం లేచి వచ్చేస్తుంటే నా భుజం మీద చెయ్యి వేసి, "చెల్లెలికి సరిగా తిండి పెట్టు," అంది.

బస్సులో కప్ప నా వైపు చూడకుండా, "మంచి చేశానా అక్కా?" అంది.

"మంచే," అన్నాను. ఇంకేమంటాను.

గురువారం ఫోను మోగింది. ఆవిడ నీళ్ళెలా ఉన్నాయని అడగలేదు. మూత నుంచి నీళ్ళకు ఎంత ఎత్తుంటుందని అడిగింది. ఇది తాడుతో కొలిచి తరవాతి వారం చెప్పింది. ఆ వారం, నిచ్చెన మెట్ల మధ్య ఎడం ఎంత అని అడిగింది. అదీ చెప్పింది. ఇంకో వారం, "వాడు మొదటి మెట్టు మీద నిలబడి చెయ్యి చాపితే మూత అంచు అందేదా?" అంది. ఇది, "అందేది," అంది. అబద్ధం చెప్పడం దానికి చేతకాదు. లెక్కలో చుక్క కలపదు, చుక్క తీయదు. గ్రాఫు అందంగా రాలేదని తోటివాళ్ళు ఏదో సర్దుకోమంటే వారం రోజులు వాళ్ళతో మాటలు మానేసిన మనిషి.

అప్పుడు నాకు అర్థమైంది. అంతకుముందు ఆవిడకు కొడుకు లేకపోవడం ఒక్కటే ఉండేది. ఇప్పుడు ఆ గది వచ్చి కూర్చుంది. మెట్లూ, మూతా, చెయ్యీ. నిజమే, మేమే తీసుకెళ్ళి ఇచ్చొచ్చాం. కప్పకు కూడా ఆ గదే. తిన్నా, పడుకున్నా, అందులోనే ఉన్నట్టుండేది. చెయ్యి పైకి చాచి గాలిలో ఏదో ఎత్తు చూసుకోవడం నేను తలుపు చాటు నుంచి రెండు మూడు సార్లు చూశాను.

తరవాతి గురువారం నేను ల్యాబులోనే ఉన్నాను. దానికి ఒంట్లో బాగుండక తీసుకొద్దామని వెళ్ళాను. ఫోను మోగింది. ఆవిడ గొంతు పెద్దది, నాకూ వినపడింది.

"అమ్మాయ్, వాడు పిలిచి ఉంటాడేమో కదా. పిలిస్తే ఎవరికీ వినపడలేదేమో."

కప్ప గోడకు నుదురు ఆనించింది.

"పిలవలేదమ్మా," అంది. "అంత సమయం లేదు. ఒక్క ఊపిరి. కింద అడుగు పెడుతూనే తెలివి పోయింది. మెట్లు గుర్తుండవు, మూత గుర్తుండదు. ఏమీ తెలియలేదు ఆయనకి."

"నీకు కచ్చితంగా తెలుసా?"

"తెలుసు. కొలిచాను."

అవతల ఊపిరి వినపడింది. "సరే తల్లీ," అని పెట్టేసింది.

కప్ప ఫోను పెట్టి నా వైపు తిరిగింది. "కావచ్చు అనాలక్కా," అంది. "కావచ్చు అనాలి. అనలేదు." నేను దాన్ని పట్టుకుని బయటికి తీసుకొచ్చాను.

ఆ తరవాత రెండు వారాలు ఫోను మోగలేదు. మూడో గురువారం మోగింది. పొద్దుటి బ్యాచితో పాటు మధ్యాహ్నం బ్యాచి కూడా తనే తీసుకుంటున్నానని, పిల్లల్ని నీళ్ళలో పట్టుకోవాలి కనక ఇక ఆ వేళకు ఫోను చెయ్యలేనని చెప్పిందట. మళ్ళీ నీళ్ళలోకి దిగుతున్నారా అని ఇది అడగలేదు. ఆవిడా చెప్పలేదు.

వాల్వు గదికి కొత్త మూత వేసి, అతికేశారు. పరికరాన్ని బయటికి మార్చారు. కప్ప థీసిస్ పూర్తయ్యేసరికి ఇంకో రెండు వేసవులు పట్టింది. గైడు అందులో ఒక్క అక్షరం కూడా కొట్టెయ్యలేదట. ఆయనకది అలవాటు లేని పని. ఇప్పుడు కప్ప మురుగు కాల్వల శాఖలో పని చేస్తోంది. ఎవరైనా మ్యాన్‌హోల్‌లోకి దిగే ముందు మీటరు దింపి చూసే పని. ఇంత చదివి మురుగు మూతల చుట్టూ తిరుగుతుందా అని మా అమ్మ ఫోనులో ఏడ్చింది. పనివాళ్ళు మొదట విసుక్కున్నారు, ఇప్పుడు అది రాకపోతే దిగరు. మంచి పేరే వచ్చింది. పెళ్ళి మాట ఎత్తితే లేచి వెళ్ళిపోతుంది.

అయితే అది తేలికపడిందని నేను చెప్పలేను. కిందటి నెల మా ఇంటి సంపు కడగాలని ఆయన మూత తీశారు. నిచ్చెన దించి, ప్యాంటు మడుస్తుంటే కప్ప లోపల్నుంచి చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చి నిచ్చెన లాగేసింది.

"మంచినీళ్ళ సంపే తల్లీ. మనం తాగే నీళ్ళే," అన్నారు ఆయన.

"వాసన వస్తోందా బావా?"

"ఏ వాసనా లేదు."

"అందుకే," అంది.

మూత పక్కన నేల మీద కూర్చుంది. మీటరు ఆఫీసులో ఉంది, ఆదివారం. మధ్యాహ్నం దాకా మూత తెరిచే ఉంచాలంది. ఆయన ఏదో అనబోయి, నా ముఖం చూసి లోపలికి వెళ్ళిపోయారు. కాసేపటికి నేను వంటగది కిటికీలోంచి చూస్తే, అది సంపు అంచు మీదికి వంగి, లోపలికి చూస్తూ, చిన్న గొంతుతో, 'చల్లగానే ఉన్నాయి' అని చెప్తోంది. లోపలి నీళ్ళలోంచి దాని గొంతే కొంచెం ఆలస్యంగా, కొంచెం లావుగా తిరిగి వస్తోంది.

"ఎవరితోనే?" అన్నాను.

"ఎవరితోనూ లేదు," అంది, తల తిప్పకుండా.

టీ తీసుకెళ్ళి పక్కన పెట్టాను. తాగుతానంది. ఎండ గోడ దిగి దాని పాదాల దాకా వచ్చింది. టీ చల్లారిపోయింది. అది అలాగే కూర్చుని ఉంది.